మల్టీకుక్కరు మొరాయించినపుడు

(మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద సాధారణముగా భాషను గూర్చియు, మన పిల్లల చదువును గూర్చియు పెద్దలు ప్రసంగించుచుందురు. నేడు మేము వంటింటిలోని ఒక యంత్రమును గూర్చి మాటలాడ నిశ్చయించుకొంటిమి. మేము ఇంజనీరులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. కాని ఈ విషయమున మా ఇంట ఒక అపాయము తృటిలో తప్పిపోయినది. అట్టిది మరియొక ఇంట జరుగకుండవలెననియే ఈ ప్రసంగము.

మన కుటుంబములలో పిల్లలు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగములు చేయుచుండగా, చెన్నపట్టణమున ముసలి దంపతులు ఇరువురే మిగిలియున్న ఇండ్లు హెచ్చినవి. పిల్లలు ప్రేమతో మల్టీకుక్కరు ఒకటి కొని ఇత్తురు. బియ్యము, పప్పు, నీరు వేసి మీట నొక్కిన చాలును. మంట లేదు, ఈలలు లెక్కపెట్టు పని లేదు. వాసన సరిగా తెలియని వయస్సువారికి, పొయ్యిమీద పాత్ర ఉన్న సంగతి మరచిపోవువారికి ఇది నిజముగా పెద్ద ఆసరా. కాని ఆ ఆసరా అంతయు లోపలనున్న ఒక చిన్న వస్తువుమీద నిలిచియున్నది. దాని పేరు ఉష్ణ సెన్సారు. అది సరిగా పనిచేసినంత కాలము యంత్రము సేవకుని వంటిది. అది తప్పు చెప్పినచో, లేక దాని మాట మనము వినకపోయినచో, కళ్లు లేనివాని చేతికి నిప్పు ఇచ్చినట్లగును.

ముందు మా ఇంటి సంగతి చెప్పుదుము. మా తల్లిగారు వాడు కుక్కరు ఒకనాటి ఉదయము మీట నొక్కగనే పని మాని, అద్దముమీద 'ఇ' అను ఇంగ్లీషు అక్షరమును, దాని ప్రక్కన ఒక అంకెను చూపినది. తీసి పెట్టినను, మరల తగిలించినను అదియే. పరిచయమున్న ఒక మెకానిక్కునకు ఇచ్చితిమి. అతడు సెన్సారు చెడినదని చెప్పి, అదే రకము దొరకలేదని, రంధ్రములో సరిపోవు వేరొకటి వేసి ఇచ్చెను. అక్షరము పోయినది. కుక్కరు పనిచేసినది. మేమును సంతోషించితిమి. కాని ఆనాటినుండి అన్నము అడుగంటజొచ్చినది. మా తల్లిగారు రెండు మూడు మార్లు చెప్పిరి. నీరు తక్కువ పోయుచున్నారేమో అంటిమి. పది దినములకు కుక్కరు పూర్తిగా ఆగిపోయినది. ఈసారి మెకానిక్కు లోపల ఏదో 'ఫ్యూజు కాలినది, తీగను తిన్నగా కలిపితిని' అని చెప్పి గంటలోనే తిరిగి ఇచ్చెను. మేము ఎందుకు కాలినదని అడుగలేదు. అదియే మా తప్పు.

ఆ వారమే ఒక సాయంకాలము మేము దుకాణమున ఉండగా ఇంటినుండి కబురు వచ్చినది. పప్పు బొగ్గయినది, ప్లాస్టిక్కు కరగినది, వంటిల్లు పొగతో నిండినది. ప్రక్కింటివారు మెయిన్ స్విచ్చి తీసివేయుటవలన అంతటితో పోయినది. మా తల్లిగారు మమ్ములను చూచి కోపపడలేదు. "అది వద్దు వద్దని మొదటి దినమే చెప్పినది నాయనా, మీరే దాని నోరు నొక్కినారు" అనిరి. ఆ మాట మమ్ములను చాలకాలము బాధించినది. పిదప తెలిసినవారిని అడిగి, చదివి, జరిగినదేమో గ్రహించితిమి. గ్రహించినదానిని ఇపుడు మనవి చేయుదుము.

కుక్కరులోని గిన్నెను పైకి తీసినచో అడుగున లోహపు హీటింగు ప్లేటు కనబడును. దాని నడుమ రూపాయి బిళ్లవలె ఒక బొడిపె ఉండును. వ్రేలితో నొక్కిన లోనికి పోయి స్ప్రింగు బలముచే మరల పైకి వచ్చును. గిన్నె అడుగు ఈ బొడిపెకు ఆనుకొనవలెను. బొడిపెలోపల థెర్మిస్టరు అను గింజంత వస్తువు కలదు. వేడి హెచ్చినకొలది దాని విద్యున్నిరోధము తగ్గును. ఈ గుణమును 1833వ సంవత్సరమున మైకేల్ ఫారడే వెండి గంధకము కలసిన పదార్థమునందు కనిపెట్టెను. దానిని వ్యాపారమునకు పనికివచ్చు వస్తువుగా 1930లో శామ్యూల్ రూబెన్ తయారుచేసెను. నేడు మన ఇండ్లలోని ఫ్రిజ్జు మొదలు ఏసీ వరకు ఇదియే వేడిని కొలుచుచున్నది.

కుక్కరులోని సర్క్యూట్ బోర్డు క్షణక్షణము ఆ నిరోధమును చూచి, 'ఇపుడు ఇంత వేడి' అని లెక్కకట్టి, హీటరును వెలిగించుచు ఆర్పుచు ఉండును. ఇక్కడ ఒక చిక్కు కలదు. సెన్సారు తీగ తెగినచో నిరోధము అనంతమగును. అపుడు బోర్డునకు గిన్నె మంచుకంటె చల్లగా ఉన్నట్లు తోచును. ఆ మాట నమ్మినచో అది హీటరును ఆర్పకనే ఉండును. అందువలన తయారుచేసినవారు, ఇట్టి అసంభవమైన లెక్క వచ్చినపుడు వంటను ఆపి ఒక అక్షరమును, అంకెను చూపవలెనని ఏర్పాటు చేసిరి. ఏ అంకెకు ఏ అర్థమో ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధముగా పెట్టినది గనుక, కుక్కరుతో వచ్చిన పుస్తకమును పారవేయక దాచుకొనుట మొదటి పని.

ఇక దోషమును వెదకు క్రమము. మొట్టమొదట ప్లగ్గు తీయవలెను. ఆవిరి పూర్తిగా పోయి, పాత్ర చల్లారువరకు ఆగవలెను. పిమ్మట మిమ్ములను మీరు ఒక్క ప్రశ్న వేసికొనుడు: అక్షరము ఎపుడు వచ్చినది? చల్లని యంత్రమును తగిలించిన వెంటనే వచ్చినదా, లేక వంట సగములో వచ్చినదా? ఈ ప్రశ్నకు సమాధానము సగము రోగనిర్ణయము.

వంట నడుమ వచ్చినచో అనేక పర్యాయములు సెన్సారు నిర్దోషి. ముద్దపప్పు, టమాటా పులుసు, చక్కెర పొంగలి వంటి చిక్కని వంటలు అడుగున అంటుకొన్నచో అచట వేడి నిలిచిపోవును. సెన్సారు ఆ వేడిని చూచి నిజమే చెప్పుచున్నది. నీరు చాలినంత పోయుట, పోపు వేయించిన పిదప అడుగు గీకి నీరు కలుపుట, దీనికి మందు. మరియొక కారణము, గిన్నె వెలుపలి అడుగున తడియో, అన్నపు మెతుకో, ఎండిన గంజియో ఉండుట. ఒక్క మెతుకు నడుమ చేరినను గిన్నె బొడిపెకు ఆనదు. ప్లేటు మాత్రము మితిమించి కాలును. క్రిందపడి అడుగు సొట్టపోయిన గిన్నె కూడ ఇంతే. స్కేలు నిలువుగా ఆనించి చూచిన సొట్ట తెలియును.

కావున బొడిపెను, ప్లేటును, గిన్నె అడుగును తడి గుడ్డతో తుడిచి, పిదప పొడి గుడ్డతో ఆరబెట్టుడు. మాడు గట్టిగా ఉన్నచో కొంచెము వెనిగరు అద్దిన గుడ్డతో నెమ్మదిగా రుద్దవచ్చును. కత్తితో గీకరాదు. యంత్రమును కుళాయి క్రింద పెట్టి కడుగరాదు. తరువాత బొడిపెను వ్రేలితో నొక్కి చూడుడు. అది స్ప్రింగుతో లేవక ఒరిగి నిలిచిపోయినచో, దాని ప్రక్కన చేరిన గంజియే కారణము కావచ్చును. ఇంతవరకు ఎవరైనను ఇంటిలో చేయదగిన పని. మేము విచారించిన ఇండ్లలో పెక్కింటికి ఈ తుడుపుతోనే పని తీరినది.

చల్లని యంత్రమును తగిలించిన వెంటనే అక్షరము వచ్చినచో, దోషము తీగలోనో, కనెక్టరులోనో, సెన్సారులోనో, బోర్డులోనో ఉండును. ఇక్కడనుండి పని నేర్చినవారిది. గ్యారంటీ గడువు ఉన్నచో కంపెనీ సర్వీసువారి చేతికే ఈయవలెను. గడువు తీరినచో, తెలిసిన మెకానిక్కునకు ఇచ్చి, అతడు ఏమి చేయవలెనో మనకును తెలిసియుండవలెను. తెలిసి అడిగినవానికి జరుగు మరమ్మతు వేరు, తెలియక ఒప్పగించినవానికి జరుగు మరమ్మతు వేరు. ఇది వ్యాపారమున ఉన్నవారిగా మేము చెప్పుచున్న మాట.

అతడు ముందు తీగలను చూడవలెను. బొడిపె నిత్యము క్రిందికి మీదికి ఆడుటచేత దాని తీగ లోపల తెగవచ్చును. కొన్ని కుక్కర్లలో మూతలో సైతము ఒక సెన్సారు కలదు. దాని తీగ మూత కీలుగుండా పోవును గనుక, తెరచి మూయుటలో అచటనే తెగుట చాల సామాన్యము. మన పట్టణమున సముద్రపుగాలికి కనెక్టరు సూదులు చిలుము పట్టును. వంటింటి బొద్దింకలు వెచ్చదనమునకు బోర్డుమీద చేరును. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోను నీట మునిగిన యంత్రములను ఆరినవి గదా అని తగిలించి పాడుచేసికొన్నవారు ఉన్నారు. అట్టివి విప్పి, శుభ్రము చేసి, పరీక్షించిన పిదపనే వాడదగును.

తరువాత సెన్సారు కనెక్టరును బోర్డునుండి ఊడదీసి, మల్టీమీటరుతో నిరోధమును కొలువవలెను. అనంతమైనచో తీగయో సెన్సారో తెగినది. సున్నకు దగ్గరగా ఉన్నచో రెండు తీగలు ఒకటిని ఒకటి తాకుచున్నవి, లేక సెన్సారు చెడినది. కొలుచుచు తీగను మెల్లగా ఆడించినపుడు అంకె ఎగిరిపడినచో తీగలోనే దోషము. అంకె నిలకడగా ఉండి, బొడిపెను అరచేతితో వెచ్చచేసినపుడు మెల్లగా తగ్గినచో, సెన్సారు ప్రాణముతోనే యున్నదని తలంచవచ్చును.

ఇచట మన చెన్నపట్టణమునకు ప్రత్యేకమైన ఒక విషయము కలదు. సెన్సారుమీద 100 కిలో ఓములని ఉన్నచో, అది 25 డిగ్రీల వేడియందలి లెక్క. మన వంటింటిలో 25 డిగ్రీలు ఎన్ని దినములు ఉండును? సాధారణముగా వాడు రకమునకు, అనగా 3950 అను గుణకము గల థెర్మిస్టరునకు, 30 డిగ్రీలయందు సుమారు 80 కిలో ఓములు, మే నెలలో 35 డిగ్రీలున్న గదిలో సుమారు 65 కిలో ఓములు మాత్రమే చూపును. మరుగు నీటి వేడియందు 7కు దిగును. మన ఊరు సముద్రమట్టమున ఉన్నది గనుక నీరు ఇచట 100 డిగ్రీలయందే మరుగును, ఆ లెక్క సరిపోవును. ఈ సంగతి తెలియని పనివాడు 65 అను అంకెను చూచి, 'నూరు ఉండవలసినది తగ్గినది, సెన్సారు పోయినది' అనును. మంచి సెన్సారును తీసివేయుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

నిజముగా చెడినచో మార్చవలసినదే. థెర్మిస్టరు పెద్ద ఖరీదు వస్తువు కాదు. మౌంటు రోడ్డు ప్రక్కనున్న రిచీ వీధిలో ఇట్టివి అమ్ము అంగళ్లు అనేకము. కాని రంధ్రములో పట్టుట చాలదు. నిరోధపు విలువ, గుణకము రెండును పాతదానితో సరిపోవలెను. మా ఇంట జరిగినది ఇదియే. 50 కిలో ఓముల సెన్సారు ఉండవలసినచోట 100 కిలో ఓములది వేసిరి. దాని ఫలితమేమనగా, గిన్నె నిజముగా 120 డిగ్రీలు కాలినపుడు బోర్డునకు అది సుమారు 95 డిగ్రీలుగా తోచును. 170 డిగ్రీలు కాలినపుడు 140కి లోపుగా తోచును. అక్షరము పోయినది గనుక మేము బాగుపడినదనుకొంటిమి. యంత్రము అబద్ధపు లెక్కను నిజమని నమ్మి మరింత మరింత కాల్చుచుండెను. అన్నము అడుగంటుట అందుకే. మా తల్లిగారి మాట నిజము, నీటి లెక్క తప్పుకాదు.

ఇక ఫ్యూజు సంగతి. హీటింగు ప్లేటు దగ్గర థర్మల్ ఫ్యూజు అను సన్నని లోహపు గొట్టము ఒకటి ఉండును. సెన్సారు, బోర్డు రెండును తప్పినపుడు ఇది కడపటి కావలివాడు. దానిమీద ముద్రించిన డిగ్రీలు దాటినచో ఇది తెగి, విద్యుత్తును ఆపివేయును; ఒకసారి తెగినది మరల అతుకదు. ఈ కావలివాడు తన పని తాను చేసి చనిపోయెను. పనివాడు అతని స్థానమున తీగ ముక్కను పెట్టెను. 1000 వాట్ల హీటరునకు, మా తల్లిగారి వంటింటికి నడుమ ఇక ఏ అడ్డును లేకపోయినది.

సోదరులారా, ఈ ప్రసంగమున మీరు తక్కినదంతయు మరచినను ఈ రెండు మాటలు మరువవద్దు. ఫ్యూజు తెగినచో, అదే డిగ్రీలు, అదే ఆంపియర్లు గల క్రొత్త ఫ్యూజునే వేయించుడు. తీగతో కలిపిన యంత్రమును ఇంటిలో పెట్టుకొనకుడు. మరియు, ఫ్యూజు ఎందుకు తెగినదో పనివాడు చెప్పువరకు యంత్రమును తీసికొనకుడు. పాత సెన్సారును, పాత ఫ్యూజును మీ చేతికి ఇమ్మని అడుగుడు. క్రొత్తవాటి విలువలను బిల్లుమీద వ్రాయించుకొనుడు. నిజాయితీ గల పనివాడు దీనికి నొచ్చుకొనడు. నొచ్చుకొన్నచో అంగడి మార్చుడు.

మరియొక హెచ్చరిక. అమెరికానుండి పిల్లలు తెచ్చు కుక్కర్లు 120 వోల్టులకు చేసినవి. మన ఇండ్లలో 230 వోల్టులు. ప్లగ్గు మార్చు ముక్క ఒకటి తగిలించి వాడినచో అది సెన్సారు దోషము కాదు, యంత్రము సర్వనాశనము. అడుగున అంటించిన చీటీపై వోల్టులు చదివి మరీ తగిలించుడు.

కంపెనీవారు విడిభాగములు లేవనియు, క్రొత్తది కొనవలసినదే అనియు చెప్పినచో, వెంటనే తలయూపనక్కరలేదు. వినియోగదారుల రక్షణకై 2019లో చేసిన చట్టము కలదు. మరమ్మతు హక్కును గూర్చి 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ఒక పోర్టలును తెరచినది. 1915 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. అయినను బోర్డు కాలినపుడు, ప్లేటు పగిలినపుడు, మరమ్మతు ఖర్చు క్రొత్త యంత్రపు వెలలో సగము దాటినపుడు, దానిని విడుచుటయే వివేకము. పాతదానిని మరియొక పేదవానికి దానముగా ఇచ్చి అతని ఇంట నిప్పు పెట్టకుడు.

ఇపుడు సంఘము పక్షమున ఒక విన్నపము. మన పెద్దలలో తెలుగు తప్ప వేరు లిపి చదువలేనివారు కలరు. మన మనుమలలో ఇంగ్లీషు తప్ప తెలుగు చదువలేనివారును కలరు. కుక్కరు పుస్తకము ఇంగ్లీషులో ఉండును, వంట చేయువారు అవ్వగారు. అక్షరము వెలిగినపుడు ఆమెకు దాని అర్థము చెప్పువారు ఇంట ఉండరు. అందుచేత ప్రతి ఇంటివారును ఒక అట్టముక్కమీద పెద్ద తెలుగు అక్షరములతో ఈ మాటలు వ్రాసి కుక్కరు ప్రక్కన అంటింపుడు: "అక్షరము కనబడినచో ప్లగ్గు తీయుము. మూత తెరువకుము, చల్లారనిమ్ము. అక్షరమును, అంకెను కాగితముమీద వ్రాసి ఉంచుము. పొగ వచ్చినచో నీరు పోయకుము, మెయిన్ స్విచ్చి తీసి, ప్రక్కింటివారిని పిలువుము." దాని క్రింద దగ్గరనున్న బంధువు ఫోను నంబరు వ్రాయుడు. వ్రాయుటకు మనుమనినే కూర్చుండబెట్టుడు. వానికి నాలుగు తెలుగు వాక్యములు వచ్చును, అవ్వకు రక్షణ కలుగును.

సంఘ కార్యాలయమున మల్టీమీటరు ఒకటి కొని ఉంచుటకు మేము సిద్ధముగా ఉన్నాము. మన యువకులలో ఎలక్ట్రానిక్సు చదివినవారు ఇద్దరు ముగ్గురు ఆదివారమునాడు ఒక్క గంట వచ్చి కూర్చుండిన చాలును. వారు మరమ్మతు చేయనక్కరలేదు. పెద్దలు తెచ్చిన యంత్రమును చూచి, 'ఇది తుడిచిన పోవునది, ఇది తీగ దోషము, ఇది విప్పకయే పారవేయవలసినది' అని చెప్పినను ఎందరికో డబ్బు మిగులును, కొందరికి ప్రాణమే మిగులవచ్చును. ఎవరు రాగలరో ఈ సభ ముగియులోపల కార్యదర్శిగారికి పేర్లు ఇయ్యవలెనని కోరుచున్నాము.

మా ఇంట ఇపుడు క్రొత్త కుక్కరు ఉన్నది. మా తల్లిగారు దానిని మరల వాడుటకు మూడు నెలలు ఒప్పుకొనలేదు. ఇపుడు వాడుచున్నారు. కాని ప్రతిదినము గిన్నె పెట్టుటకు ముందు బొడిపెను వ్రేలితో ఒక్కసారి నొక్కి, అది లేచినదో లేదో చూచి, గిన్నె అడుగును కొంగుతో తుడిచి మరీ దించుచున్నారు. ఎవరు నేర్పిరని అడిగినచో, పొయ్యి వెలిగించుటకు ముందు పొయ్యిని చూచుకొనుట తమ అత్తగారు నేర్పినదేనని చెప్పుదురు. మీ ఇండ్లలోను ఆ అలవాటు నేటినుండియే ప్రారంభమగునని నమ్ముచున్నాము.